టైర్లు మార్చిన దగ్గర్నుంచి అమ్మ కారెక్కనంటోంది. ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ ఉన్నవాళ్లు సలహా చెప్పండి

బ్లాక్‌గెలాక్సీ_చీమకుర్తి:

అందరికీ నమస్కారం. మాది చీమకుర్తి. గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. మూడేళ్ల కిందట ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ కొన్నాను, టైరు సైజు 215/60 ఆర్16. బండి మీద నాకు ఏ కంప్లయింటూ లేదు. ఇప్పుడు అడిగేదంతా టైర్ల గురించే.

మా అమ్మకు పోయిన ఏడాది వెన్నుపూస ఆపరేషన్ అయింది. మూడు వారాలకోసారి నెల్లూరు తీసుకెళ్లి డాక్టరుకు చూపించి, ఫిజియోథెరపీ చేయించుకుని వస్తాం. ఎండ ముదరకముందే చేరాలని పొద్దున అయిదున్నరకల్లా బయల్దేరతాం. పాత టైర్లు ఉన్నంతకాలం అమ్మ వెనక సీట్లో నడుం కింద దిండు పెట్టుకుని, కావలి దాకా ఏదో ఒకటి చెబుతూ వచ్చేది. ఏ ఊళ్లో ఎవరి పెళ్లికి ఎడ్లబండి మీద ఎలా వెళ్లారో, అదంతా.

34,000 కిలోమీటర్లకు ఆ టైర్లు అరిగిపోయాయి. కొత్తవి వేయించడానికి వెళ్తే షాపులో, "మీ రోడ్డుకు మామూలు టైర్లు ఆగవు, లారీల మీద నుంచి పడే రాతి ముక్కలకు టైరు పక్క గోడ, అదే సైడ్‌వాల్, కోసుకుపోద్ది, గట్టివి వేయించుకో" అన్నారు. ఒంగోలు నుంచి మా ఊరికి వచ్చే రోడ్డు తెలిసినవాళ్లకు అందులో అబద్ధం లేదని తెలుసు. సరేనన్నాను. సైజు అదే. పాతవాటి మీద 95 వి అని ఉండేది, వీటి మీద 99 వి ఎక్స్‌ఎల్ అని ఉంది. నాలుగూ కలిపి 38,000 అయింది. గాలి 42 పీఎస్‌ఐ పెట్టారు. అంతెందుకని అడిగితే, ఎలక్ట్రిక్ బండి బరువెక్కువ, టైరు మీద అలాగే రాసుందని చెప్పారు.

షాపులోంచి బయటికొచ్చి సంతనూతలపాడు దాటేలోపే నాకు తేడా తెలిసిపోయింది. పెద్ద గుంతల సంగతి కాదు, అవి ముందూ తెలిసేవి. రోడ్డు మీద అతుకులు, చిన్న చిన్న గరుకులు, స్పీడ్ బ్రేకర్ ముందు వేసే తెల్ల గీతలు కూడా సీట్లోకి వచ్చేస్తున్నాయి. కొత్తవి కదా, నాలుగు రోజులు పోతే సర్దుకుంటాయిలే అనుకున్నాను.

పోయిన గురువారం నెల్లూరు వెళ్లాం. సింగరాయకొండ దగ్గర అద్దంలోంచి వెనక్కి చూశాను. అమ్మ కుడిచెయ్యి తలుపు పైనున్న పిడిని పట్టుకుని ఉంది. గట్టిగా పట్టుకోవడంతో వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. ఎడమ అరచెయ్యి సీటు మీద ఆనించి, బ్రిడ్జి జాయింట్ వచ్చిన ప్రతిసారీ నడుమును సీటు మీంచి కాస్త పైకి లేపుతోంది. జాయింట్ దాటాక మెల్లగా దించుతోంది. ఒక్క మాట మాట్లాడలేదు. నెల్లూరులో దిగాక మాత్రం, "ఈసారి బస్సులో పోదాంలే నాయనా, కారుకు ఊరికే కరెంటెందుకు" అంది. బస్సులో తను కూర్చోలేదని తనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇది టైర్ల వల్లేనా, సస్పెన్షన్ ఏమన్నా పోయిందా? సర్వీస్ సెంటర్లో చూపిస్తే అంతా బాగుందన్నారు. గాలి తగ్గిస్తే చాలా, టైర్లే మార్చాలా? ఇంకో 38,000 అంటే నాకు చిన్న మొత్తం కాదు, కానీ అమ్మ కోసం అయితే పెడతాను. ఇంకో మాట, యూనిట్‌కు 6.8 కిలోమీటర్లు వచ్చేది ఇప్పుడు 6.3 వస్తోంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?


టైర్లన్న_ఒంగోలు:

అన్నా, నేను ఒంగోలు కర్నూలు రోడ్డులో టైర్ల షాపులో పదమూడేళ్లుగా పనిచేస్తున్నా. నీ పోస్టులో 42 అనే అంకె చూసి ఆగలేక రాస్తున్నా.

టైరు మీద రాసి ఉండేది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం. నీ బండికి ఎంత పెట్టాలన్నది డ్రైవరు డోరు తీస్తే పక్క పిల్లర్ మీద ఉండే స్టిక్కర్‌లో ఉంటుంది. బండి తయారుచేసినవాళ్లు బ్యాటరీ బరువు కూడా లెక్కేసే ఆ అంకె రాస్తారు. మేం మళ్లీ దానికి కలపక్కర్లేదు. మా పనిలో ఉన్నవాళ్లు చాలామంది ఈ తప్పు చేస్తారు, కావాలని కాదు, ఎలక్ట్రిక్ అనగానే భయపడి నాలుగు పాయింట్లు, అంటే నాలుగు పీఎస్‌ఐ, ఎక్కువ కొడతారు.

ముందు స్టిక్కర్ చూడు. తర్వాత పొద్దున్నే, బండి కదలకముందు కొలువు. కనీసం మూడు గంటలు నీడలో ఆగిన టైరునే చల్లటి టైరు అంటాం. ఒంగోలు వచ్చి నా దగ్గర కొలిపిస్తానంటే ఇరవై కిలోమీటర్లు తిరిగిన వేడి టైరు కొలిచినట్టవుతుంది. అయిదారు వందలు పెడితే చిన్న గేజ్ దొరుకుతుంది, ఒకటి కొని డాష్‌బోర్డులో పడేసుకో.

లెక్క ఏంటంటే, టైరులో గాలి అయిదారు డిగ్రీలు వేడెక్కితే ఒక పాయింట్ పెరుగుతుంది. మన దగ్గర మే నెలలో పొద్దున 28 డిగ్రీలప్పుడు 35 పెట్టిన టైరు, మధ్యాహ్నం హైవే మీద గంట పరిగెత్తాక 40 చూపిస్తుంది. అది మామూలే. అప్పుడు చూసి కంగారుపడి గాలి తీయొద్దు, తీస్తే తెల్లారేసరికి 30 అవుతుంది. కానీ నువ్వు చల్లగా ఉన్నప్పుడే 42 పెట్టుకున్నావు కాబట్టి హైవే మీద 47 దాకా పోయి ఉంటుంది. అమ్మగారు కూర్చున్నది ఆ 47 మీద.

స్టిక్కర్ ఫోటో పెట్టు.


సింహపురి_ఈవీ:

మీ అమ్మగారి సంగతి చదివితే మా నాన్న గుర్తొచ్చారు. నాది నెల్లూరు, మాగుంట లేఅవుట్. నేను వేరే తప్పు చేశాను, మీకు పనికొస్తుందేమోనని రాస్తున్నా.

నాది కొంచెం పెద్ద ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ. టైర్లు 245/55 ఆర్19తో వచ్చింది. చూడ్డానికి బాగుంటుందని 20 అంగుళాల అల్లాయ్ వేయించి 245/50 ఆర్20 ఎక్కించాను. బయటి చుట్టుకొలత దాదాపు అంతే, అందుకే స్పీడోమీటర్ తేడా రాదు, షాపువాళ్లూ ధైర్యంగా వేస్తారు. పోయేది ఎక్కడంటే సైడ్‌వాల్‌లో. 245 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, అందులో 55 శాతం సైడ్‌వాల్ ఎత్తు, అంటే 135 మిల్లీమీటర్లు. 50 శాతం అంటే 123. పన్నెండు మిల్లీమీటర్లే కదా అనుకున్నాను. గుంత అంచుకూ అల్లాయ్‌కూ మధ్య ఉండే రబ్బరు అదే మరి, పైగా పెద్ద అల్లాయ్ బరువు కూడా ఎక్కువ. స్ప్రింగ్ కింద వేలాడే బరువు పెరిగితే చక్రం గుంతలోంచి లేచి మళ్లీ రోడ్డును అందుకోవడం ఆలస్యమవుతుంది. ఆ దెబ్బ లోపలికి వస్తుంది.

పొదలకూరు రోడ్డులో రాత్రి వానలో ఒక గుంతలో పడింది. టైరు పగల్లేదు. మూడో రోజు కడుగుతుంటే సైడ్‌వాల్ మీద నిమ్మకాయంత బుడగ కనిపించింది. లోపల దారాలు తెగితే అలా వస్తుందని చెప్పారు, దాన్ని రిపేరు చేయడం కుదరదు, పారేయాల్సిందే. అప్పుడు తిరిగి కిందికి వచ్చాను, 19కి కూడా కాదు, 245/60 ఆర్18కి. మా మోడల్‌లో కింది వేరియంట్‌కు అదే సైజు ఇస్తారు కాబట్టి బ్రేకులకు తగలదని ముందే తెలుసు. సైడ్‌వాల్ 147. మైపాడు బీచ్ రోడ్డులో మా నాన్న ముందు సీట్లో కూర్చుని, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు, బండి నడుస్తుండగానే. ఇంతకుముందు ఆ రోడ్డులో కళ్లజోడు చేత్తో పట్టుకుని కూర్చునేవారు.

మీది 16 అంగుళాలే, సైడ్‌వాల్ 129 ఉంది. సైజు మార్చే ఆలోచన పెట్టుకోకండి, అది బాగానే ఉంది.


కనిగిరి_రైడర్:

సింపుల్ బ్రో. నైట్రోజన్ కొట్టించి 28 పెట్టు. పరుపు మీద కూర్చున్నట్టు ఉంటుంది. నా బండిలో అంతే.


కావలి_మెకానికల్_మాస్టారు:

28 మాత్రం వద్దు బాబూ. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చెప్పి రిటైరయ్యాను, అందుకే కొంచెం వివరంగా రాస్తాను, విసుగనుకోవద్దు.

గాలి తక్కువైన టైరు తిరుగుతున్నప్పుడు సైడ్‌వాల్ ఎక్కువగా వంగుతుంది. వంగిన ప్రతిసారీ రబ్బరులో వేడి పుడుతుంది. మన ఎండలో, రెండు టన్నులకు దగ్గరగా ఉన్న బండిలో, హైవే వేగంలో ఆ వేడి చాలా ప్రమాదం. పైగా గుంత పడితే రిమ్ముకూ గుంత అంచుకూ మధ్య టైరు నలిగిపోయేది గాలి తక్కువైనప్పుడే. ఇక నైట్రోజన్ అంటారా, మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. మిగతా కాస్త కలిపినంత మాత్రాన ప్రయాణం మెత్తబడదు.

ఇప్పుడు చీమకుర్తి బాబు అడిగినదానికి వస్తాను. చక్రానికీ మనిషికీ మధ్య రెండు స్ప్రింగులు ఉంటాయి. ఒకటి కనిపించే స్ప్రింగు. రెండోది టైరు. టైరు స్ప్రింగు గట్టిదనం ఎక్కువ భాగం గాలి మీద, కొంత సైడ్‌వాల్ మీద ఆధారపడుతుంది. పెద్ద గుంతకు సస్పెన్షన్ కదులుతుంది. నువ్వు చెప్పిన అతుకులు, తెల్ల గీతలు లాంటి చిన్న చిన్నవి సస్పెన్షన్ దాకా పోకుండా టైరే మింగేయాలి. మాటవరసకు 35 ఉండాల్సిన చోట 42 ఉంటే గాలి అయిదో వంతు ఎక్కువ. టైరు మింగడం మానేసింది.

ఎలక్ట్రిక్ బండిలో ఇది ఇంకా ఎక్కువగా తెలియడానికి కారణం ఉంది. బ్యాటరీ బరువు మోయాలి కాబట్టి స్ప్రింగులు ముందే కాస్త గట్టివి పెడతారు. బరువు కింద ఉండటంతో మలుపుల్లో బండి ఊగదు, అది మంచిదే. కానీ చిన్న దెబ్బల విషయంలో టైరు మీదే భారం పడుతుంది. ఇంజిన్ చప్పుడు కూడా లేదు, అందుకే డీజిల్ బండిలో వినపడని టైరు శబ్దం ఇందులో వినపడుతుంది. టైరు లోపలి గాలి ఖాళీ డబ్బా మోగినట్టు మోగుతుంది, కొన్ని టైర్లలో లోపల స్పాంజి అతికించేది ఆ మోత తగ్గించడానికే. మన ఊళ్లలో అలాంటివి వేయించుకుంటే పంచర్ వేసేవాడు ఆ చోట స్పాంజి గీకి ప్యాచ్ వేయడం తెలిసినవాడై ఉండాలి.

ఎక్స్‌ఎల్ గురించి. అంటే ఎక్స్‌ట్రా లోడ్, ఎక్కువ బరువు మోసే రకం. 95 అంటే ఒక్కో టైరు 690 కిలోలు మోస్తుంది, 99 అంటే 775. అయితే మామూలు టైరు తన పూర్తి బరువును 36 దగ్గర మోస్తే, ఎక్స్‌ఎల్ టైరుకు 42 కావాలి. అంటే 35 దగ్గర రెండూ మోసేది దాదాపు ఒకటే. ఎక్స్‌ఎల్ వేసుకుని గాలి పెంచకపోతే నువ్వు లాభపడేదేమీ లేదు, సైడ్‌వాల్ గట్టిదనం మాత్రం వస్తుంది. గాలి పెంచితే అమ్మగారి నడుం పోతుంది. మాన్యువల్‌లో 95 రాసి ఉంటే నాలుగు టైర్లకు 2,760 కిలోలు. నీ బండి అయిదుగురితో, సామానుతో ఎంత ఉంటుందో ఆర్సీ చూసుకో. ఒక్క జాగ్రత్త, మాన్యువల్‌లో ఉన్న అంకె కంటే కిందికి మాత్రం ఎవరు చెప్పినా వెళ్లొద్దు. కొన్ని ఎలక్ట్రిక్ బండ్లకు ఎక్స్‌ఎల్ తప్పనిసరి అని రాసి ఉంటుంది, అలాంటప్పుడు అదే వేయాలి.

యూనిట్ లెక్క తగ్గడం కూడా టైరు పనే. బండితో వచ్చిన టైర్లు తేలిగ్గా దొర్లేలా చేసిన రబ్బరుతో ఉంటాయి. నువ్వు గాలి ఎక్కువ పెట్టినా కూడా తగ్గిందంటే, ఈ కొత్త టైరు రబ్బరు, దాని మీది గాడులు ఎంత బరువుగా దొర్లుతున్నాయో చూడు.


బ్లాక్‌గెలాక్సీ_చీమకుర్తి:

అందరికీ చేతులెత్తి దణ్ణం. మాస్టారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను.

స్టిక్కర్‌లో ముందూ వెనకా 35 ఉంది. పూర్తి లోడుకు వెనక 38. మాన్యువల్‌లో 95 అనే ఉంది, ఎక్స్‌ఎల్ అని ఎక్కడా లేదు. ఆర్సీలో పూర్తి బరువు రెండు టన్నుల లోపే.

గేజ్ కొన్నాను. ఈరోజు పొద్దున అయిదింటికి, ఇంకా చీకటిగానే ఉంది, ఫోన్ లైటు వేసుకుని కొలిచాను. 42, 42, 43, 41. నాలుగూ 35కి దించాను. ఒక్కో టైరు దగ్గర వాల్వ్ పిన్ను నొక్కితే గాలి బుస్సుమని పోతుంటే అమ్మ అరుగు మీద కూర్చుని చూస్తోంది, ఏం చేస్తున్నావురా అని. నీ నడుముకు మందు వేస్తున్నానమ్మా అన్నాను.

సంతనూతలపాడు దాకా తీసుకెళ్లి తెచ్చాను. మజ్జిగ గ్లాసు నిండుగా పోసి కప్ హోల్డర్‌లో పెట్టాను. పోయిన వారం అదే గ్లాసు అదే రోడ్డులో సీటు మీద ఒలికింది. ఈసారి అంచు దాకా ఊగింది, ఒక్క చోట కొంచెం చిందింది, అంతే. అమ్మ మాత్రం "పోయినసారి కంటే మేలే, పాత టైర్లంత లేదు" అంది. తనకు అబద్ధం చెప్పడం రాదు.

మిగిలిన ఆ కొంచెం ఎక్స్‌ఎల్ సైడ్‌వాల్ వల్లే అంటారా? టైర్లన్నా, రాతి ముక్కల సంగతి ఏంటి మరి? 95 వేయించుకుంటే కోసుకుపోతుందా?


టైర్లన్న_ఒంగోలు:

నిజం చెప్తానన్నా. క్వారీ లోపలికి రోజూ వెళ్లే బండికైతే గట్టి టైరే వేస్తాను. నువ్వు తిరిగేది తారు రోడ్డు. మీ రోడ్డు నుంచి నా దగ్గరికి వచ్చే పంచర్లలో ఎక్కువ భాగం కింద రోడ్డుకు ఆనే పట్టీలో గుచ్చుకున్నవే, సైడ్‌వాల్ తెగినవి తక్కువ. తెగినవి కూడా లారీకి దారివ్వడానికి రోడ్డు అంచు దిగినప్పుడు తెగినవే. అంచు దిగేటప్పుడు నెమ్మదిగా దిగితే చాలు. నీ పాతవి 34,000 తిరిగాయి కదా, ఒక్కటన్నా సైడ్‌వాల్ తెగిందా?

మారిస్తే టూరింగ్ రకం, అంటే సుఖమైన ప్రయాణానికి చేసినవి, అడుగు, 95, తేలిగ్గా దొర్లేవి. తయారీ తేదీ చూసుకో. నాలుగంకెలు ఉంటాయి, ముందు రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. షాపులో ఏళ్లు పడున్న రబ్బరు గట్టిపడి ఉంటుంది, ఎంత మంచి టైరైనా మెత్తదనం రాదు. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించకుండా కదలొద్దు.

ఇంకోటి, ఇది డబ్బు లేని పని. అమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టు. వెనక సీటు సరిగ్గా వెనక చక్రాల దగ్గర ఉంటుంది, దెబ్బ నేరుగా తగులుతుంది. ముందు సీటు రెండు ఇరుసుల మధ్య ఉంటుంది.


బ్లాక్‌గెలాక్సీ_చీమకుర్తి:

అందరికీ అప్‌డేట్ ఇస్తున్నాను.

పాతవాటికి ఒక్కటి కూడా సైడ్‌వాల్ తెగలేదు అన్నా, అది నాకు అప్పుడే తట్టాల్సింది. ఇంకో పది రోజులు 35 మీదే తిప్పి చూశాను. అమ్మ చెప్పిన మాటే నిలబడింది, మేలే గానీ పాతవాటంత లేదు. మొన్న సోమవారం 95 టూరింగ్ టైర్లు నాలుగూ వేయించాను. తేదీ చూసి తీసుకున్నాను, రెండు నెలల కిందటివి. షాపులోనే స్టిక్కర్ చూపించి 35 పెట్టించి, మర్నాడు పొద్దున మళ్లీ కొలిచాను. 33 ఉంది. షాపులో టైరు ఎండలో ఉండింది కదా, ఆ వేడి దిగింది. 35కి తెచ్చాను.

నిన్న నెల్లూరు వెళ్లొచ్చాం. అమ్మను ముందు కూర్చోబెట్టాను, సీటు కాస్త వెనక్కి వాల్చి. పెన్నా బ్రిడ్జి మీద జాయింట్లు వస్తాయని నేను ముందే స్పీడు తగ్గించి తన చేతి వంక చూశాను. పిడి పట్టుకోలేదు. చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి. డాక్టరు గారు కూడా ఈసారి నడుం కండరాలు అంత బిగుసుకుపోలేదన్నారు. యూనిట్‌కు వెళ్లేటప్పుడు 6.7 వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు ఏసీ గాలి మొహానికి తగలకుండా పక్కకు తిప్పుకుని, టంగుటూరు టోల్ దాటాక నిద్రపోయింది. ఒంగోలులో ట్రాఫిక్‌లో లేవలేదు. కర్నూలు రోడ్డు ఎక్కాక నాకు టెన్షన్, ఇప్పుడు లేస్తుందేమో అని ముప్పై మీదే నడిపాను, వెనక లారీలు హారన్ కొడుతున్నా. ఇంటి ముందు ఆపాక నేనే లేపాల్సి వచ్చింది.

తీసేసిన ఎక్స్‌ఎల్ టైర్లు 1,900 కిలోమీటర్లే తిరిగాయి, పంచర్ ఒక్కటీ లేదు. క్వారీ పనుల మీద లోపలికి తిరిగే బండి ఎవరికైనా ఉండి, మాన్యువల్‌లో ఆ సైజే ఉంటే ఇక్కడే చెప్పండి. ఇంటికొచ్చి చూసుకుని తీసుకెళ్లండి, ధర మీరే చెప్పండి.